నూలు తెగితే నూలునే తిట్టకండి

"అల్లిక మిషన్ మీద నూలు తెగుతోందంటే సరుకు నాసిరకం. కోన్ (నూలు చుట్టిన కండె) మార్చండి. కుదరకపోతే గంజి పెట్టండి, టెన్షన్ (నూలు బిగువు) పెంచండి, నీళ్లు చల్లండి." వరంగల్‌లో స్వెటర్లు అల్లేవాళ్ల గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. కొత్తగా మిషన్ కొన్న చెల్లెళ్లు దీన్ని నమ్మి మంచి కోన్లు మూలన పడేస్తున్నారు. చూసి ఊరుకోలేక రాస్తున్నా.

కోన్ మార్చే ముందు తెగిన కొసను వెలుతురులో చూడండి. పీచులు సాగి కుచ్చులా ఉంటే నూలు అక్కడ పలచబడి, లాగుడుకు విడిపోయినట్టు. కత్తెరతో కోసినట్టు మొండిగా ఉంటే దారిలో ఏదో దాన్ని కోస్తోంది. నిరుడు దసరా తర్వాత స్కూలు స్వెటర్ల ఆర్డరు నడుస్తుండగా మూడు కోన్లు మార్చాను. కొస ప్రతిసారీ మొండిగానే వచ్చింది. చివరికి నూలు అందించే కన్నంలో గుండుసూది తిప్పితే, నూలు రాసుకుని రాసుకుని పడ్డ గాడి తగిలింది. ఆ ముక్క మార్చాక, పక్కన పెట్టిన కోన్లతోనే ఆర్డరు పూర్తిచేశాను. ఎప్పుడూ ఒకే సూది దగ్గర తెగుతుంటే మాత్రం ఆ సూది కొక్కెం, దాన్ని మూసే నాలుక చూడాలి.

గంజి మాట మగ్గం నుంచి వచ్చింది. చేనేత మగ్గాలకు పేరున్న కొత్తవాడ ఉన్న ఊళ్లో అది సహజమే. కానీ పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు దారాలకు, గంజి పెట్టేది మగ్గం రాపిడికి తట్టుకోవాలని. అల్లికలో నూలు కొక్కెంలో మెలిక తిరిగి ఉచ్చు కావాలి. బిరుసెక్కితే వంగదు, తెగుతుంది. ఇక్కడ కావాల్సింది జారుడు, అందుకే మైనం రాస్తారు. అదీ పలచగానే. ఎక్కువైతే పేరుకుపోయి రాపిడి ఇంకా పెరుగుతుంది.

టెన్షన్ బిగించడం పూర్తిగా తప్పు. కోన్ దగ్గర పెట్టిన బిగువు, నూలు వంపు తిరిగే ప్రతిచోటా పెరుగుతూ సూదిని చేరుతుంది. తెగుతుంటే ముందు కాస్త వదులు చేయాలి. ఉచ్చు సైజు మరీ చిన్నగా ఉంటే అదీ పెంచాలి.

నీళ్ల మాటలో సగం నిజముంది. తేమ తగిలితే పత్తి నూలు బలపడుతుంది. ఉన్ని, విస్కోస్ (చెక్క గుజ్జుతో చేసే నూలు) మాత్రం తడిస్తే బలం తగ్గుతాయి. పైగా నీళ్లు పడితే సూదులు తుప్పు పడతాయి. ఎండాకాలంలో పత్తి నూలు వాడుతుంటే నేల మీద చల్లండి, కోన్ మీద వద్దు.

నాసిరకం నూలే రాదని నేననను. ఏ సూది దగ్గర పడితే అక్కడ తెగుతూ, కొసలన్నీ కుచ్చులుగా వస్తుంటే ఆ కొసల్ని ఓ కాగితానికి అంటించి, కోన్‌తో సహా షాపుకు పట్టుకెళ్లండి.