గుర్తుతెలియని మృతదేహాలకు డీఎన్‌ఏ సూచిక ఎప్పుడు?

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 54 మందిని బలితీసుకుంది. వారిలో ఎనిమిది మంది కుటుంబాలకు, ఇది మీవారిదేనని నిర్ధారించి అప్పగించగలిగిన ఎముక ముక్క కూడా దక్కలేదు. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఎవరి అవశేషాలనైనా గుర్తించవచ్చని జనం నమ్ముతున్న కాలంలో ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలి.

మంటల్లో చర్మం, కండరాలు ముందుగా నాశనమవుతాయి. తొడ ఎముకలోనూ, దంతాల లోపలి గుజ్జులోనూ డీఎన్‌ఏ మరికొంత నిలుస్తుంది. నిపుణులు ఎముక పైపొరను గీకి, మిగిలినదాన్ని పొడిచేసి, అందులోని కాల్షియాన్ని తొలగించాకే డీఎన్‌ఏను వేరుచేస్తారు. ఎముక నల్లగా మాడితే ఇంకా ఆశ ఉంటుంది; తెల్లగా సున్నంలా మారితే మాత్రం పనికొచ్చే డీఎన్‌ఏ దాదాపు మిగలదు. కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఒక్కో కణంలో వందల ప్రతులుండే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏను ఆశ్రయిస్తారు కానీ, తల్లి నుంచే పిల్లలకు వచ్చే అది ఆ తల్లుల వరుస బంధువులందరిలో దాదాపు ఒకేలా ఉంటుంది కనుక ఏ వంశమో చెబుతుందే తప్ప ఏ మనిషో చెప్పలేదు.

అగ్ని చేసే నష్టాన్ని శాస్త్రం పూడ్చలేకపోవచ్చు. మన నిర్లక్ష్యం వల్ల జరిగే నష్టం వేరు. డీఎన్‌ఏ పరీక్ష అంటే మృతుల డీఎన్‌ఏను బంధువుల డీఎన్‌ఏతో పోల్చి చూడడమే. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు చనిపోయినప్పుడు, వారిలో దాదాపు అందరి వివరాలు తెలుసు కనుక ఎవరి కుటుంబాలను పిలిచి నమూనాలు తీసుకోవాలో అధికారులకు స్పష్టత ఉంది. రైలు పట్టాల పక్కన దొరికిన మృతదేహం విషయంలో ఎవరిని పిలవాలి? మరో రాష్ట్రంలో ఒక తల్లి మిస్సింగ్ కేసు పెట్టి స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు. ఆ రెండు ఫైళ్లను డీఎన్‌ఏ ద్వారా కలిపే జాతీయ వ్యవస్థే కొరవడింది. మరణం రుజువు కాకపోతే, చట్టం ప్రకారం ఆ మనిషి చనిపోయినట్లు భావించడానికి సాధారణంగా ఏడేళ్లు ఆగాలి. అప్పటిదాకా బీమా, పింఛను, ఆస్తి అన్నీ చిక్కులే.

2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన డీఎన్‌ఏ బిల్లులో తప్పిపోయినవారికి, గుర్తుతెలియని మృతులకు విడివిడి సూచికలు, అంటే పోల్చి చూసుకునేందుకు డీఎన్‌ఏ వివరాలు భద్రపరిచే జాబితాలు, ప్రతిపాదించారు. అనుమానితుల, నేరస్థుల సూచికలనూ అందులోనే చేర్చడంతో వ్యక్తిగత గోప్యతపై న్యాయమైన అభ్యంతరాలు వచ్చాయి. 2023లో ప్రభుత్వం బిల్లునే ఉపసంహరించుకుంది. నా దృష్టిలో అది పొరపాటు. నేరస్థుల సూచికపై చర్చ ఎంతకాలమైనా సాగనివ్వండి. తప్పిపోయినవారి, గుర్తుతెలియని మృతుల సూచికలను మాత్రం వేరు చేసి, కుటుంబం సమ్మతితోనే నమూనా తీసుకోవాలని, ఆచూకీ తేలగానే దాన్ని చెరిపేయాలని, మరే దర్యాప్తుకూ వాడరాదని నిబంధనలు పెట్టి చట్టం చేయాలి.

అంతవరకు రాష్ట్రాలు చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. అనాథ శవమని ఖననం చేసేముందు ఒక దంతాన్నో, ఎముక ముక్కనో తీసి, కేసు నంబరుతో భద్రపరచడం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు రేపటి నుంచే తప్పనిసరి చేయవచ్చు.