ఎవరిచ్చిన లాఠీ ఇది?

ఇరాన్ మీద దాడి చేయాలా వద్దా అన్నది రెండు వారాల్లో తేలుస్తానని ట్రంప్ చెప్పింది 2025 జూన్ 19, గురువారం. ఆదివారం మనకు తెల్లారేసరికి బాంబులు పడిపోయాయి. మిస్సోరీలో బయల్దేరిన బీ-2 బాంబర్ విమానాల్లో కొన్నింటిని పసిఫిక్ వైపు పంపి అందరి కళ్లూ అటు తిప్పారు. మిగతా ఏడూ చప్పుడు చేయకుండా తూర్పుగా వెళ్లి ఇరాన్ అణు కేంద్రాలైన ఫోర్దో, నతాంజ్‌ల మీద ఒక్కోటి పదమూడున్నర టన్నులుండే 14 బాంబులు కుమ్మరించి వెనక్కి వచ్చేశాయి. ఫోర్దో ఉన్న ఖోమ్ దగ్గరి కొండకు పడిన ఆరు కన్నాలు ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపించాయి. ఆ దుమ్మింకా సర్దుకోకముందే అదే ట్రంప్ కాల్పుల విరమణ ప్రకటించేసి, శాంతి తెచ్చింది తానేనని చెప్పుకున్నారు.

ప్రపంచ పోలీసులా తిరిగే అమెరికాకు ఈ లాఠీ ఎవరిచ్చారని అడిగేవాళ్లే కరువయ్యారు. భద్రతా మండలి తీర్మానం లేదు. అమెరికా మీద ఇరాన్ దాడికి దిగలేదు కాబట్టి ఆత్మరక్షణ అనాలంటే ఐరాస చార్టర్‌లోని 51వ అధికరణాన్ని చిరిగేదాకా సాగదీయాలి. యుద్ధం ప్రకటించే అధికారం అమెరికా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది, అక్కడ కూడా ఓటింగ్ పెట్టలేదు. ఇరాన్ అణుబాంబు తయారు చేయడం లేదన్నదే తమ నిఘా సంస్థల అంచనా అని తులసీ గబార్డ్ ఆ ఏడాది మార్చిలో కాంగ్రెస్‌కు చెప్పారు, ఆవిడ ట్రంప్ ఏరికోరి పెట్టుకున్న ఇంటెలిజెన్స్ అధిపతే. విలేకరులు ఆ సంగతి గుర్తుచేస్తే ట్రంప్ ఆమెది తప్పని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. ఒమన్ మధ్యవర్తిత్వంలో ఆరో విడత చర్చలు జూన్ 15న మస్కట్‌లో జరగాల్సి ఉండగా, 13నే ఇజ్రాయెల్ దాడులు మొదలుపెట్టింది. ఊళ్లో తగువు తీర్చాల్సిన పెద్దమనిషి మాటల మధ్యలో లేచి ఒక పక్షం తరఫున కర్ర అందుకుంటే దాన్ని పంచాయితీ అని ఎవరూ అనరు.

టెహ్రాన్ పాలకులేమీ సత్పురుషులు కారు. యురేనియాన్ని 60 శాతం దాకా శుద్ధి చేసింది కరెంటు కోసమంటే నమ్మేవాళ్లు లేరు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) బోర్డు కూడా జూన్ 12న ఇరాన్‌ను తప్పుపట్టింది. బలమున్నవాడు పూనుకోకపోతే 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో జరిగినట్టు ఊచకోతలు జరుగుతాయని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలో కొంత నిజముంది. అయితే 2015 నాటి అణు ఒప్పందం ఇరాన్ శుద్ధిని 3.67 శాతం దగ్గర కట్టడి చేసింది కదా, భద్రతా మండలి కూడా ఆమోదించిన ఆ ఒప్పందాన్ని 2018 మేలో కాదని బయటికొచ్చింది ఎవరు? ఇదే ట్రంప్!

అసలు భయం ఇరాన్ దగ్గర ఆగేది కాదు. రేపు ఇంకొకరు ఇదే పని చేస్తే ఏమంటారు? 1999లో భద్రతా మండలి అనుమతి లేకుండానే అమెరికా సారథ్యంలోని నాటో కూటమి కొసావో కోసమంటూ 78 రోజుల పాటు యుగోస్లావియా మీద బాంబులేసింది. ఇది ప్రత్యేక సందర్భం, దీన్ని ఆనవాయితీగా చూడకండి అన్నారు. 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో, ఇరాక్ దగ్గర ఇలాంటి ఆయుధాలున్నాయంటూ వేళ్ల మధ్య ఓ బుల్లి సీసా పట్టుకుని, చెంచాడు కూడా లేని ఆంత్రాక్స్ పొడి ఎంత పని చేయగలదో వివరించారు. ఆరు వారాలు తిరిగేసరికి బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. ఇరాక్‌లో ఎంత వెతికినా ఆ ఆయుధాలు దొరకలేదు. అందుకు వాషింగ్టన్‌లో ఒక్కరిని కూడా బోనెక్కించలేదు. ఆ తర్వాత ఏమైంది? 2014లో క్రిమియాను కలిపేసుకుంటూ పుతిన్ కొసావోను చూపించారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదకు సైన్యాన్ని తోలిన రోజున యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్, ఇరాక్, లిబియా, సిరియా అంటూ వరసపెట్టి అప్పజెప్పారు. ఆయన చేసింది పచ్చి దురాక్రమణే. ఆ మాట అనడానికి అమెరికాకు నోరు పెగలకుండా చేసింది అమెరికానే. రేపు బీజింగ్‌కు తైవాన్ ప్రమాదకరంగా కనిపించి, ముందుజాగ్రత్తగా నాలుగు బాంబులు వేశామంటే అప్పుడు చార్టర్‌లో ఏ పేజీ తీసి చదువుతారు?

చిన్న దేశాలు నేర్చుకునే పాఠం ఇంకా భయంకరం. లిబియా నియంత గడాఫీ 2003 డిసెంబర్‌లో అణు కార్యక్రమం వదిలేస్తున్నానని ప్రకటించి సామాన్లన్నీ అప్పగించాడు. 2011లో నాటో బాంబుల నడుమ గద్దె పోయి, ప్రాణమూ పోవడం లోకమంతా చూసింది. అదే 2003లో ఉత్తర కొరియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందానికి (ఎన్‌పీటీ) రాంరాం చెప్పి, 2006లో బాంబు పేల్చింది. ఆ దేశం మీదకు బీ-2లు వెళ్లవు సరికదా, సింగపూర్‌లో కిమ్‌తో చేతులు కలపడానికి ట్రంప్ స్వయంగా వెళ్లారు. ఇప్పుడేమో ఆ ఒప్పందంలోనే ఉన్న దేశం మీద, అందులో చేరనే చేరని ఇజ్రాయెల్ తరఫున బాంబులేశారు. (సంతకం పెట్టని వాళ్లలో మనమూ ఉన్నాం, పోఖ్రాన్ తర్వాత మన మీద ఆంక్షలు పెట్టింది ఎవరో కూడా గుర్తే.) దీన్ని చూశాక ఏ దేశమైనా ఇన్‌స్పెక్టర్లకు తలుపు తీస్తుందా?

చట్టం, న్యాయం అంటారా? గాజాలో కాల్పుల విరమణ కోరుతూ 2025 జూన్ 4న భద్రతా మండలిలో 14 దేశాలు చేతులెత్తితే ఒక్క అమెరికా వీటో చేసింది. మర్నాడే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జడ్జీలు నలుగురి మీద ఆంక్షలు పెట్టింది. ప్రపంచ పోలీసు తీరు ఇదీ!

దీని వేడి మనకు తగలదనుకోకండి. బాంబులు పడిన మర్నాడు, సోమవారం రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వదిలింది, అంతకు ముందే ఖతార్ గగనతలం మూతపడింది. దోహాలో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తేదాకా జగిత్యాలలో, కోనసీమలో ఎన్ని ఇళ్లల్లో నిద్ర లేదో ఢిల్లీకి లెక్క అక్కర్లేదు. చమురు ఓడలు వచ్చే హోర్ముజ్ జలసంధిని మూసేస్తామని టెహ్రాన్ అంటే మన వంటగ్యాస్‌కు, పెట్రోలుకు టెన్షన్ పట్టుకుంటుంది.

ఇంత జరుగుతుంటే మోదీ ఇరాన్ అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడి, ఉద్రిక్తతలు తగ్గాలని ఓ పోస్టు పెట్టారు. బాంబులు ఎవరు వేశారన్నది అందులో లేదు! ఇజ్రాయెల్‌ను ఖండిస్తూ షాంఘై సహకార సంస్థ చేసిన ప్రకటనతో తమకు సంబంధం లేదని అంతకు ముందే తప్పుకున్నారు. ఆ పక్కన పాకిస్తాన్ శనివారం ట్రంప్‌ను నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించి, ఆదివారం ఆయన వేసిన బాంబులను ఖండించి నవ్వులపాలైంది. దాన్ని చూసి నవ్వే అర్హత మనకుందా? 2025 మేలో భారత్, పాక్ మధ్య యుద్ధం ఆపింది తానేనని ట్రంప్ ఊరంతా చాటుకుంటుంటే, అది నిజం కాదని చెప్పడానికి మన ప్రధాని అంతకు కొద్ది రోజుల ముందే 35 నిమిషాలు ఫోన్లో మాట్లాడాల్సి వచ్చింది. కశ్మీర్ తగువు కూడా తీరుస్తానని ఆయన అప్పట్లోనే అన్నారు. మన గుమ్మంలో పనికిరాని పెద్దరికం ఇరాన్ గుమ్మంలో ఎలా పనికొస్తుంది? 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో శాంతి పేరు చెప్పే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతంలోకి పంపాడు, విశాఖ వాళ్లకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. రేపు అలాంటి నౌకే మళ్లీ వస్తే, తప్పని ఏ ముఖంతో అంటారు?

ఫోర్దో మీద దాడి చట్టవిరుద్ధమని విదేశాంగ శాఖ ఒక్క వాక్యం రాయాలి. ట్రేడ్ డీల్ ఆగిపోతుందేమోనని ఆ వాక్యం రాయడానికి కూడా చేయి ఆడకపోతే, విశ్వగురువులమని పోస్టర్లు వేసుకోవడమైనా మానేయండి.