పది కిలోమీటర్ల లోతు పేలుడుకు రుజువా?

చిత్తూరు జిల్లాలో ఎక్కడ భూమి కాస్త వణికినా, గంట తిరక్కముందే ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం ఇది: "మనది రాతి నేల, ఇక్కడ భూకంపాలు రావు. అది క్వారీ పేలుడు. శబ్దం కూడా వినిపించింది. ప్రతిసారీ లోతు పది కిలోమీటర్లే అంటున్నారంటే లెక్క కల్పించినట్టే. పేలుడుకూ భూకంపానికీ తేడా ఏ యంత్రమూ చెప్పలేదు."

రాతి నేల అన్నది నిజమే. దాన్ని బట్టి భూకంపం రాదనడం మాత్రం తప్పు. 1993 సెప్టెంబరు 30న లాతూరు దగ్గర దాదాపు పది వేల మంది ప్రాణాలు పోయింది ఈ దక్కను రాతి మీదే. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు కంపించాయి. ములుగులో తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు. అంత లోతున మందు పెట్టిన క్వారీ యజమాని ఎవరో సందేశం రాసినవారే చెప్పాలి.

శబ్దం సంగతి. భూకంపానికి శబ్దం ఉండదని ఎవరు చెప్పారో కానీ, తక్కువ లోతులో వచ్చే చిన్న కంపనాలకు ఉరుము లాంటి మోత తరచుగా తోడవుతుంది. గట్టి గ్రానైటు వేగంగా కదిలే కంపనాలను పెద్దగా మింగేయదు. అవి నేల పైకి వచ్చి గాలిని కదిలిస్తే మనకు వినిపిస్తుంది.

క్వారీల గురించి కూడా ఒక మాట. కుప్పం వైపు పలకల కోసం తీసే గ్రానైటును భారీగా పేల్చరు. దిమ్మె బీటలు వారితే దాన్ని ఎవరూ కొనరు. అందుకే వజ్రపు పూసల తీగతో కోస్తారు. పేలుళ్లు ఎక్కువగా కంకర క్వారీల్లో, అదీ సాధారణంగా పగటిపూట, సైరన్ మోగించాక జరుగుతాయి. అర్ధరాత్రి రెండింటికి మంచం ఊగితే ముందు దీన్ని గుర్తు చేసుకోవాలి.

ఇక ఆ పది కిలోమీటర్లు. దగ్గరలో కంపనాలను నమోదు చేసే కేంద్రాలు తగినన్ని లేకపోతే కంపనం ఏ చోట పుట్టిందో తేలినా ఎంత లోతున పుట్టిందో తేలదు. అప్పుడు లోతును పది దగ్గర నిలిపి మిగతా లెక్క చేస్తారు. దాచడానికి వేసిన అంకె కాదది. లోతు సరిగా తేలలేదన్న ఒప్పుకోలు.

తేడా చెప్పలేరన్నదే అన్నిటికన్నా పెద్ద తప్పు. పేలుడు చుట్టూ ఉన్న రాయిని అన్ని దిక్కులకూ బయటికి నెడుతుంది. కాబట్టి ఏ దిక్కున ఉన్న యంత్రంలోనైనా మొదటి కదలిక పైకే ఉంటుంది. భూకంపంలో పగులుకు రెండు వైపులా రాయి ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ జారుతుంది. అందుకే కొన్ని కేంద్రాల్లో యంత్రం గీసే మొదటి గీత పైకి, కొన్నింటిలో కిందికి పోతుంది. ఆ మొదటి కదలిక వెనక, రాయిని పక్కలకు ఊపుతూ వచ్చే ఎస్ తరంగం భూకంపంలో బలంగా, పేలుడులో బలహీనంగా ఉంటుంది. దీన్ని వంటింటి గూట్లోని స్టీలు గిన్నెలు కూడా పట్టిస్తాయి. ముందు సన్నగా గలగల, కొన్ని సెకన్లు ఆగి అసలు ఊపు వస్తే అవి రెండు వేర్వేరు తరంగాలు. మధ్యలో గడిచిన సెకన్లను ఎనిమిదితో హెచ్చిస్తే అది ఎన్ని కిలోమీటర్ల అవతల పుట్టిందో సుమారుగా తెలుస్తుంది.

అసలు చిక్కు మరోచోట ఉంది, సందేశం దాని జోలికే పోలేదు. మనిషి చేతల వల్ల భూకంపాలు వస్తాయి. మహారాష్ట్రలోని కొయనా జలాశయం నిండాక 1967 డిసెంబరులో 6.3 తీవ్రతతో భూమి కదిలింది. అక్కడ నీటి ఒత్తిడి పగులును జార్చింది. అంటే జారుడు జారుడే కనుక, గీతను మాత్రమే చూసి అది సహజమో, నీటి వల్ల వచ్చిందో చెప్పడం కష్టం. నీటిమట్టం ఎప్పుడు పెరిగింది, కంపనాలు ఎప్పుడు మొదలయ్యాయి అని పక్కపక్కన పెట్టి చూడాలి. కుప్పం దాటితే వచ్చే కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లాయి. 2001లో మూతపడ్డాయి. అక్కడ ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలితే పైన ఇళ్లూ అదిరేవి.

కంకర క్వారీ పక్కన గోడలు నెర్రెలిచ్చినవారి ఫిర్యాదును నేను కొట్టిపారేయడం లేదు. కానీ దాన్ని తేల్చేది భూకంపాలను నమోదు చేసే కేంద్రం ఇచ్చే తీవ్రత అంకె కాదు. పేలుడు జరిగే వేళ ఆ ఇంటి పునాది దగ్గరే కొలతయంత్రం పెట్టి, నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కదిలిందో నమోదు చేయాలి.