ఆఫ్రికా వరికి జపాన్ చేయూత: పొలం పెరిగింది, దిగుబడి పెరగలేదు

2008లో ప్రపంచమంతటా బియ్యం ధరలు మండిపోతున్న సమయంలో, యొకొహామాలో జరిగిన నాలుగో టికాడ్ (ఆఫ్రికా అభివృద్ధిపై జపాన్ నిర్వహించే) సదస్సు వేదికగా జపాన్ ఒక లక్ష్యం పెట్టింది. సహారా దిగువ ఆఫ్రికాలో ఏటా పండే 1.4 కోట్ల టన్నుల ధాన్యాన్ని పదేళ్లలో 2.8 కోట్ల టన్నులకు చేర్చాలన్నది దాని సారాంశం. ఇందుకోసం ఏర్పడిన 'కార్డ్' (ఆఫ్రికా వరి అభివృద్ధి కూటమి)లో జపాన్ సాయ సంస్థ జైకాతో పాటు ఆఫ్రికాలో హరిత విప్లవం కోసం పనిచేసే ఆగ్రా, ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, వరి పరిశోధన కేంద్రం ఆఫ్రికా రైస్ వంటి సంస్థలు చేరాయి. 2018 నాటికి లక్ష్యం అందింది. రెండో దశలో దేశాల సంఖ్య 23 నుంచి 32కు పెరిగింది. 2030కల్లా 5.6 కోట్ల టన్నులు పండించాలంటున్నారు. మొదటి దశ నడిచిన దారిలోనే వెళ్తే ఈసారి గమ్యం చేరడం కష్టం.

ఎందుకంటే మొదటి దశలో పెరిగిన ధాన్యంలో ఎక్కువ భాగం కొత్తగా సాగులోకి వచ్చిన భూమి నుంచే వచ్చింది. సగటు దిగుబడి ఇప్పటికీ హెక్టారుకు 2 టన్నుల చుట్టూనే తిరుగుతోంది. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు 11. గోదావరి డెల్టాలో 25 బస్తాలు వచ్చినా పంట దెబ్బతిందంటారు. ఆ 11 బస్తాల దిగుబడితోనే ఇంకో 2.8 కోట్ల టన్నులు పండించాలంటే అదనంగా 1.4 కోట్ల హెక్టార్లు కావాలి. అంత భూమి అడవుల నుంచీ పశువుల మేత బీళ్ల నుంచే రావాలి.

జపాన్ బాగా చేసిన పని ఒకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. కార్డ్ తన దగ్గర పెద్ద నిధి పెట్టుకోలేదు. ప్రతి దేశం చేతా సొంత వరి ప్రణాళిక రాయించింది. విత్తనం, ఎరువు, సాగునీరు, యంత్రాలు, మిల్లింగ్ ఒకవైపు, విధానం, శిక్షణ, కట్టడాలు, రుణం మరోవైపు పెట్టి పట్టిక గీయించింది. ఏ గడిలో ఏ దాత పనిచేస్తున్నాడో, ఏ గడి ఖాళీగా ఉందో చూసి నిధులు అటు మళ్లించమంది. నలుగురు దాతలు ఒకే జిల్లాలో విత్తనాలు పంచి, మిల్లును అందరూ మరిచిపోయే చోట ఇలాంటి పట్టిక విలువ చాలా ఎక్కువ.

ఇక పొలంలో ఏం జరిగిందో చూడాలంటే టాంజానియాలోని కిలిమంజారో ప్రాంతానికి వెళ్లాలి. లోయర్ మోషి సాగునీటి పథకాన్ని జపాన్ రుణంతో 1987లో పూర్తి చేశారు. అక్కడ నేర్పినవి మన రైతుకు కొత్త కాదు: గట్లు వేయడం, దమ్ము చేసి మడిని చదును చేయడం, లేత నారును వరసల్లో నాటడం, వరసల మధ్య తోపుడు వీడర్ నడపడం, ఎరువును విడతలుగా వేయడం. చదును సరిగా లేని మడిలో ఒక మూల నారు మునిగి కుళ్లుతుంది, ఇంకో మూల తేలి కలుపు పట్టేస్తుంది. ఆ ఒక్క పని కుదిరితేనే మిగతావన్నీ ఫలితమిస్తాయి. అక్కడ దిగుబడి 2 టన్నుల స్థాయి నుంచి 6 టన్నులు దాటింది.

చిక్కు వచ్చింది ఆ విజయం వల్లే. దిగువన పంట చూసిన ఎగువ రైతులు కూడా వరి వేసి, నీటిని తమ మడులకు మళ్లించుకున్నారు. 1,100 హెక్టార్ల వరికి కట్టిన కాలువల కింద చాలా భూమికి నీరందలేదు. పథకం హద్దు లోపల వంతులు వేశారు గానీ, నది మొత్తానికి వంతులు వేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. కాలువకు రుణం దొరికినంత తేలిగ్గా నీటి పంపకానికి ఒప్పందం దొరకదు. కెన్యాలో మ్వేయా ఆయకట్టు కోసం జైకా రుణంతో కట్టిన థిబా డ్యామ్ 2022లో వాడకంలోకి వచ్చింది. దాని నిల్వ 1.56 కోట్ల ఘనపు మీటర్లు. రెండో పంటకు భరోసా వచ్చింది కాబట్టి, ఎగువన ఎవరు ఎంత తోడుతున్నారో ఇప్పటి నుంచే కొలవాలి.

మిల్లు దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. కోసిన పంటను నేల మీదే కొట్టి, అక్కడే ఆరబెడితే మట్టిపెళ్లలూ రాళ్లూ కలుస్తాయి. తేమ 14 శాతానికి దిగకముందే పాత హల్లర్ మిల్లులో పోస్తే గింజ విరిగిపోతుంది. వంద కిలోల ధాన్యానికి 65 కిలోలు రావాల్సిన బియ్యం 55 దగ్గరే ఆగుతుంది. పట్నంలో కొనేవాళ్లు రాళ్లు లేని దిగుమతి బియ్యం వైపే చూస్తారు. రబ్బరు రోలర్ మిల్లు, రాళ్లు వేరుచేసే యంత్రం, టార్పాలిన్లు, తేమ కొలిచే మీటరు, వీటన్నిటి ఖర్చూ డ్యామ్ ఖర్చు ముందు చాలా తక్కువ. రెండో దశలో మొదటి ప్రాధాన్యం వీటికే దక్కాలి.

ఆ దిగుమతి బియ్యంలో మన పాత్ర చిన్నది కాదు. కాకినాడ నుంచి ఓడలు పశ్చిమ ఆఫ్రికా రేవులకు వెళ్తాయి. సెనెగల్ రాజధాని డాకర్‌లో చేపలతో వండే థియెబుడియెన్ అనే అన్నానికి నూకలే వాడతారు. 2022 సెప్టెంబరులో భారత్ నూకల ఎగుమతిని, 2023 జూలైలో బాస్మతేతర తెల్ల బియ్యాన్ని ఉన్నపళంగా ఆపేసింది. ఆ తర్వాత సెనెగల్ వంటి కొన్ని దేశాలకు మాత్రం ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో అనుమతిచ్చింది. 2024 సెప్టెంబరులో తెల్ల బియ్యంపై, 2025 మార్చిలో నూకలపై నిషేధం ఎత్తేశాక ధరలు దిగొచ్చాయి. నిషేధం నాటి ధర చూసి అక్కడ మిల్లు పెట్టడానికి అప్పు చేసినవాడు ఈ ధరకు నిలబడలేడు. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనదే. నిషేధం పెట్టేటప్పుడూ ఎత్తేసేటప్పుడూ కనీసం ఒక పంటకాలం ముందు ఆ దేశాలకు కబురు చెప్పాలి. నాట్లు వేసే ముందే ఆ కబురు అందితే ఏ మేర సాగు చేయాలో, ఎంత ధాన్యం కొనాలో అక్కడి రైతులూ మిల్లర్లూ నిర్ణయించుకోగలరు.