తాతగారి పెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాతగారి పెట్టె గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. ఆన్‌లైన్ వేలంలో పాత నాణేల పేజీ ఎప్పుడు తెరిచినా మీరే దర్శనమిస్తున్నారు. "మా తాతగారి పెట్టెలో దొరికింది. నాకు నాణేల గురించి ఏమీ తెలియదు. ఫోటోలు చూసి మీరే నిర్ణయించుకోండి. వాపసు లేదు." అమ్మేవాళ్లు మారుతున్నారు గానీ, నకిలీ నాణేల వెనక ఈ నాలుగు ముక్కలు మారడం లేదు.

ముందుగా తాతగారి అభిరుచికి జోహార్లు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన మోర్గన్ రకం అమెరికన్ వెండి డాలర్లు 1,00,000 మాత్రమే. సేకర్తలు నిద్రలో కలవరించేది వాటి కోసమే. మీలో అవి కుప్పలుగా ఉన్నాయి. 1921లో ఒక్క ఫిలడెల్ఫియాలోనే నాలుగు కోట్లకు పైగా మోర్గన్లు కొట్టారు కదా, వాటిలో ఒక్కటైనా మీలో పడలేదేం? ఆయన జీవితంలో ఎవరూ ఆయనకు మామూలు చిల్లర ఇవ్వలేదా? పైగా ఆయన కాలం కంటే ముందున్న మనిషి. ఆసియా వ్యాపారం కోసం కొట్టిన అమెరికన్ ట్రేడ్ డాలర్ల ముద్రణ మొదలైంది 1873లో అయితే, మీలో అంతకు ముందు సంవత్సరాలవి కూడా బయటపడుతున్నాయి. 1804 తేదీ ఉన్న అమెరికన్ వెండి డాలర్లు ప్రపంచం మొత్తం మీద పదిహేను, పదహారుకు మించి లేవు. ప్రతిదీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాసి ఉంది. ఇంకొకటి మీ దగ్గర ఉందని ఆ లెక్క రాసేవాళ్లకెవరూ చెప్పినట్టు లేరు.

మనవడి సంగతి. పాపం ఏమీ తెలియదంటాడు గానీ సంవత్సరం, టంకశాల గుర్తు, "అతి అరుదైనది" అన్న మాట ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాస్తాడు. ఫోటో దగ్గరికి వచ్చేసరికే చెయ్యి వణుకుతుంది. అంచు ఫోటో పెట్టమని అడిగితే ఇక జవాబే ఉండదు. ఎందుకో ఊహించగలను. టంకశాలలోలా కొట్టకుండా పోత పోసిన నాణేనికి అంచు చుట్టూ అతుకు గీత కనబడొచ్చు, దాన్ని అరగదీసిన ఆకురాయి గుర్తులైనా కనబడొచ్చు. అంచు మీది నిలువు గీతలు ఒకచోట ఇరుకుగా, ఒకచోట ఎడంగా ఉంటాయి.

బరువు అడిగితే మనవడి దగ్గర త్రాసు ఉండదు. అసలు మోర్గన్ 26.73 గ్రాములు, అడ్డం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి. ఇత్తడి లాంటి చవక లోహాలతో ఈ లెక్క కుదరదు. కొలత సరిపోతే బరువు తగ్గుతుంది. బరువు సరిచేస్తే నాణెం లావెక్కుతుంది. "వాడకంలో అరిగింది సార్" అంటాడు. అరిగి నాలుగు గ్రాములు పోయిన నాణెం మీద లిబర్టీ (డాలర్ మీది స్త్రీ బొమ్మ) జుట్టు పాయలు మాత్రం నిన్న దువ్వినట్టు ఉంటాయి!

అయస్కాంతం పరీక్ష ఉందిగా అంటారేమో. అతుక్కుంటే వెండి కాదని తేలుతుంది. అతుక్కోకపోతే ఏమీ తేలదు, రాగీ ఇత్తడీ కూడా అతుక్కోవు. 1943 అమెరికన్ రాగి సెంటు విషయంలో మాత్రం ఇది బాగా పనికొస్తుంది. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడు సెంట్లు ఉక్కుతో కొట్టారు. పొరపాటున రాగి మీద పడ్డవి బహు కొద్ది, అందుకే నకిలీలు చేస్తారు. ఆ ఉక్కు సెంటుకు రాగి పూత పూస్తే అయస్కాంతం పట్టేస్తుంది. 1948 సెంటులో 8ని చెక్కి 3 చేస్తే పట్టదు. అప్పుడు భూతద్దం పట్టాల్సిందే.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఆ చెంప మీది గంటు. వేరు వేరు తాతల పెట్టెల్లోంచి వచ్చిన డాలర్లన్నిటికీ లిబర్టీ చెంప మీద అదే చోట, అదే వంకరతో ఒక గంటు. అసలు నాణెం ఒకటి తెచ్చి దాని నుంచి అచ్చు తీస్తే, దాని దెబ్బలు కూడా అచ్చులోకి ఎక్కుతాయి, అక్కణ్ణుంచి ప్రతి పిల్లకూ సంక్రమిస్తాయి. అచ్చు బాగుంటే బరువూ బాగానే కుదరొచ్చు. అందుకే నేను ఒక్క లిస్టింగ్ చూడను. పాత వేలాల ఫోటోలు పక్కన పెట్టి చూస్తాను. ఇంతమంది తాతలు తమ డాలర్‌ను ఒకే రాయి మీద ఒకే కోణంలో పడేశారంటే, అది బాంధవ్యమే.

ఈ మధ్య గ్రేడింగ్ కంపెనీలు (నాణేన్ని పరీక్షించి, నంబరు వేసి, సీలు చేసేవాళ్లు) ఇచ్చే ప్లాస్టిక్ డబ్బీలు కూడా మీలోంచే వస్తున్నాయట. డబ్బీ మీది నంబరు కంపెనీ సైట్‌లో కొడితే సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే అది వేరే అసలు నాణెం నంబరు. సైట్‌లో ఫోటో ఉంటే గీత గీతా పోల్చుకోవాలి. లేకపోతే ఆ నంబరును నమ్మి పాట పాడలేం.

మీ వంశానికి చరిత్ర లేకపోలేదు. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772-1830) అని ఒకాయన ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేలకు నకిలీలు చేసేవాడు. కొత్త నాణేలను ఇనుప రజనున్న పెట్టెలో పోసి, దాన్ని గుర్రపుబండికి కట్టి, గతుకుల రోడ్ల మీద తిప్పి పాతబడేలా చేసేవాడట. ఆ పెట్టె కనీసం కష్టపడింది. మీరు కథ చెప్పి ఊరుకుంటున్నారు.

చిన్న మనవి. ఈసారి వేలానికి అంచు చుట్టూ ఒక ఫోటో, త్రాసు మీద ఒకటి, రెండు ముఖాలూ మంచి వెలుతురులో స్పష్టంగా పెట్టించండి. అవి వచ్చేదాకా నేను పాట పాడను. మీకొచ్చిన లోటేం లేదు లెండి, మనవడి రెండో అకౌంటు పాడుతూనే ఉందిగా.

ఇట్లు,
భూతద్దం పట్టుకున్న ఒకడు