మార్కులు వేయకుండా వినండి

కాలేజీలో కవితల పోటీ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. అంశం యాజమాన్యమే ఇస్తుంది. పర్యావరణమో, దేశభక్తో, అమ్మో. గడువు మూడు నిమిషాలు. చివర్లో ముఖ్య అతిథి చేతుల మీదుగా షీల్డు. అదే పిల్లల లాంగ్ నోట్‌బుక్కు చివరి పేజీలు తిరగేస్తే వేరే కవిత్వం కనబడుతుంది. బ్యాక్‌లాగ్ సంగతి నాన్నకు ఎలా చెప్పాలో తెలియని రాత్రి రాసుకున్నది ఒకటి, ఫీజు బకాయి ఉందని హాల్‌టికెట్ ఆపేసిన రోజు రాసుకున్నది ఇంకొకటి. నిండా కొట్టివేతలు, సగం తెలుగు, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఏ పోటీకీ పనికిరాదు. కాలేజీలు వినాల్సింది దాన్నే.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక లాంటి చోట, ఎవరైనా వచ్చి మైకు అందుకోగల ఓపెన్ మైక్‌లో కుర్రకారు తమ గోడును కవితగానో కథగానో చెప్పుకోవడం కొత్తేమీ కాదు. కానీ నరసరావుపేటలో డిగ్రీ చదివే అమ్మాయి అందుకోసం బంజారాహిల్స్ దాకా రాలేదు కదా! ఆ చోటు ఆమె కాలేజీలోనే ఉండాలి.

పరిస్థితి తేలిగ్గా తీసుకునేలా లేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణానికి పాల్పడ్డారు. విశాఖలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక అమ్మాయి మృతి కేసులో 2025 జూలై 25న తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, 100 మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. మంచిదే. అయితే కౌన్సెలర్ గది తలుపు తడితే 'దీనికేమైంది?' అని కారిడార్ అంతా తిరిగి చూస్తుంది. కథకు ఆ బెడద లేదు. 'నేను కాదు సార్, కథలో అమ్మాయి' అని తప్పించుకోవచ్చు. చాలామందికి నోరు పెగలడానికి ఆ మాత్రం చాటు చాలు.

అలాగని కవిత మందు కాదు. 1986లో అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని చేదు అనుభవాలు రాయించారు. జరిగినదాన్నీ, దాని తాలూకు బాధనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వాళ్ల దిగులు పెరిగింది. నిర్వాహకులు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ రెండో సంగతి. మూడో లైను దగ్గర గొంతు పూడుకుపోయిన కుర్రాణ్ణి 'సూపర్ రా' అంటూ చప్పట్లతో పంపేస్తే, ఆ రాత్రి హాస్టల్ గదిలో వాడి పక్కన ఎవరుంటారు?

అందుకే కాలేజీలో పెట్టే ఓపెన్ మైక్‌లో బహుమతులు వద్దు. జడ్జీలు వద్దు. ఫోన్లు బయట పెట్టాలి. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా రీల్ చేసి కాలేజీ పేజీలో పెట్టడమంటే నమ్మకద్రోహమే. అడ్మిషన్ల సీజన్‌లో అయితే మరీను. ప్రిన్సిపాల్ గారు ముందు వరుసలో కూర్చోకపోతే ఇంకా మేలు. ఒత్తులు, యాస దిద్దే తెలుగు మాస్టారు ఆ గంటసేపు ఓపిక పట్టాలి. సిక్కోలు పిల్లాడు సిక్కోలు మాటల్లోనే ఏడవనీయండి. కౌన్సెలర్ మాత్రం ఆ గదిలో ఉండాలి, అయ్యాక కూడా కాసేపు ఉండాలి. ప్రాణం మీదికి వచ్చే మాట వినబడితే ఇది గోప్యమని ఊరుకోకూడదు, వెంటనే కదలాలి.

ఇదంతా డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల మాట. తెల్లారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్ నడిపే ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు 'టైమ్ ఎక్కడుంది?' అంటాయి. ఆదివారం కూడా టెస్టులు పెట్టడానికి దొరికే టైమే ఇది. వారానికి ఒక పీరియడ్ చాలు. రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు వచ్చే విద్యాసంవత్సరం టైమ్‌టేబుల్‌లోనే దాన్ని చేర్చాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు నోటీసు బోర్డు మూలన కాకుండా, ఆ గదిలో అందరికీ కనబడేలా రాయించాలి.