సైటుకు తిరిగినంత మాత్రాన కమర్షియల్ పాలసీ అక్కర్లేదు

సైట్లకు తిరిగే కాంట్రాక్టర్లంతా తమ కారుకు కమర్షియల్ (వాణిజ్య వాహన) బీమా పాలసీ తీసుకోవాలని కారు బీమా మీద వచ్చిన ఓ వ్యాసంలో రాశారు, అది సరికాదు. విజయనగరం నుంచి బొబ్బిలి, రాజాం పనులకు సొంత కారులో వెళ్లొస్తే ప్రైవేటు ప్యాకేజీ పాలసీ (సొంత కారు నష్టానికీ, థర్డ్ పార్టీకీ కలిపి ఇచ్చే బీమా) చాలు. కాకపోతే అందులో కారును వేటికి వాడకూడదో చెప్పే 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' పేరా చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు రవాణా కుదరవు. డిక్కీలో టైల్స్ శాంపిల్ పెట్టుకోవచ్చు, సిమెంటు బస్తాలు వేస్తే మాత్రం క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

నాగావళి పొంగే రోజుల్లో ఇంకోటి. నీళ్లలో ఆగిపోయిన కారుకు మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ (అదనపు ప్రీమియంతో ఇంజిన్‌కు తీసుకునే కవర్) లేకుంటే ఆ ఖర్చు మామూలుగా మన నెత్తినే. ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, టో చేయించండి. జీరో డెప్ (అరుగుదల కోత లేకుండా క్లెయిము ఇచ్చే యాడాన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు క్లెయిములో 50 శాతం కోత. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టిక్కే కదా మరి!